కొలతలు అడగని కుట్టు: నంద్యాల, ఆళ్లగడ్డ గేరీల్లో ఇంటి మిషన్ లెక్క

కుట్టు మిషన్ల పంపిణీ మన దగ్గర పాత వార్తే. ఏ పార్టీ ప్రభుత్వంలో ఉన్నా వేదిక ముందు వరసగా మిషన్లు పెడతారు, నాయకులు ఫోటో దిగుతారు, వెనక మహిళా సాధికారత అని బ్యానర్ కడతారు. ఆ మిషన్ ఆటో ఎక్కి మాలగేరికో మాదిగగేరికో చేరిన తర్వాత సంగతి వార్తల్లోకి రాదు. దాని మీద ఎవరి గుడ్డ కుడతారు? ఎవరు డబ్బిస్తారు? ఆ డబ్బు పొలం కూలికి సాటి వస్తుందా?

ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు ఒక ఇంటి మిషన్ దగ్గర చేరి గుడ్డ సంచులు, పర్సులు, దిండు గలీబులు, బొంతలు లాంటి చిన్న వస్తువులు కుట్టి అమ్ముకోవడం పైకి చాలా మామూలు పని. కానీ కూలి, కులం, పథకాల నిబంధనలు మూడూ అక్కడే కలుస్తాయి. అందుకే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాన్ని ముందు పెట్టుకుని ఈ పనిని కాస్త విప్పి చూద్దాం.

పత్తి పండే చోట

2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లా ఏర్పడింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. కేసీ కాలువ నీళ్లు, నల్లరేగడి నేల, వరి, పత్తి. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచి ఉంది. ఇక్కడి పంటల గురించి, వంగడాల గురించి వందేళ్లకు పైగా పరిశోధన జరిగింది. ఆ చేలల్లో వంగి పనిచేసిన చేతుల గురించి అంత పరిశోధన జరగలేదు.

జరిగిన కొద్దిపాటిలో ఒకటి మనం మర్చిపోకూడనిది. హైబ్రిడ్ పత్తి విత్తనం చేలల్లో ఆడపిల్లల చాకిరీ గురించి దావులూరి వెంకటేశ్వర్లు 2001లో వెలువరించిన అధ్యయనం అది. హైబ్రిడ్ విత్తనం తయారు కావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో ముట్టుకోవాలి. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగాన్ని తీసేయాలి, మరుసటి పొద్దున వేరే మొక్క పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలను పెట్టుకున్నారు. తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి పిల్లల సీజన్ మొత్తాన్ని కట్టేసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల, ఆదివాసీ పిల్లలు. అప్పటి కర్నూలు జిల్లా ఆ విత్తన పంటకు పెద్ద కేంద్రం.

ఆ వయసు పిల్లలు ఇప్పుడు ముప్పైల్లో ఉన్న తల్లులు. చిన్న వేళ్లు ఈ పనికి బాగా పనికొస్తాయని చెప్పి బడి మాన్పించిన తరం అది. ఇవాళ ఆ తరం ఆడవాళ్లు మిషన్ మీద సూదికి దారం ఎక్కిస్తుంటే, తమ వేళ్ల నైపుణ్యం మొదటిసారి తమ లెక్కలో పడే అవకాశం ఉందా లేదా అన్నది చూడాల్సిన విషయం.

కుట్టు మనకు కొత్త కాదు

కుట్టుపని నేర్పించడం అంటే ఏదో కొత్త విద్య దానం చేస్తున్నట్టు మాట్లాడుతుంటారు. మాదిగల చేతిలో ఆరె ఎన్ని తరాల నుంచి ఉందో ఊరందరికీ తెలుసు. చెప్పులు, ఎడ్ల పట్టెడలు, కపిల బావుల తోలు తొండాలు, డప్పు మూతలు అన్నీ ఆ చేతుల మీదుగా వచ్చినవే. మాలలు చాలాచోట్ల ముతక బట్ట నేసేవాళ్లు. ఆడవాళ్లు పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, నాలుగు అంచులా నలుగురు కూర్చుని బొంతలు కుట్టేవాళ్లు. నడుముకు చెక్కుకునే వక్కాకు సంచులు చేత్తో కుట్టుకునేవాళ్లు. ఊరు వీటన్నిటినీ వాడుకుంది కానీ కళ అని పిలవలేదు.

మిషన్ వచ్చాక టైలర్ వృత్తి ఎక్కువగా మేర కులస్తులది, ముస్లింలది అయింది. దళితులు అక్కడ గిరాకీలుగా కూడా సమానంగా నిలబడలేకపోయారు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో సర్వే చేసి 2006లో వెలువడిన ‘అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా’ పుస్తకం నమోదు చేసిన అంటరానితనం రూపాల్లో టైలర్ దళితుల కొలతలు తీయడానికి నిరాకరించడం ఒకటి. గుడ్డకు అంటు లేదు కానీ ఒంటికి ఉందన్నమాట. ఈ మాట గుర్తు పెట్టుకుంటే చిన్న వస్తువుల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

చిన్న వస్తువే ఎందుకు

మిషన్ నేర్చుకున్న ఎవరైనా ముందు ఆలోచించేది జాకెట్ల గురించి. జాకెట్‌కు కొలత కావాలి. కొలత అంటే ఒకరి ఒంటిని మరొకరు తాకాలి, ఒకరి ఇంటికి మరొకరు రావాలి. పెద్ద గేరి ఆడవాళ్లు ఎస్సీ కాలనీకి వచ్చి కొలతలిస్తారా, లేక పాత జాకెట్ ఒకటి ఆది కోసం పంపి సరిపెడతారా, అసలు పంపరా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. ఎక్కువ గిరాకీ సొంత కాలనీలోనే దొరుకుతుంది. ఆ గిరాకీ కూడా కూలి మీద బతికేవాళ్లే. వాళ్ల కూలి డబ్బు చేతికొచ్చిన రోజే కుట్టుకూలి వస్తుంది. అదీ కాక, జాకెట్ చంక దగ్గర పట్టేస్తే గుడ్డ డబ్బు ఎవరిస్తారన్న భయం కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ఎప్పుడూ ఉంటుంది.

సంచికి, పర్సుకు కొలత అక్కర్లేదు. ముందు కుట్టి పెట్టుకోవచ్చు. ముక్కు మొహం తెలియని వాళ్లకు అమ్మవచ్చు. చెడితే పోయేది మూర గుడ్డే. తిన్న కుట్టు వేయడం వస్తే చాలు, వారంలో చేయి తిరుగుతుంది. బట్టల దుకాణాల్లో మిగిలే కట్ పీసులు, బిట్లు కూడా పనికొస్తాయి.

గిరాకీకి కొత్త కారణం కూడా తోడైంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ప్లాస్టిక్ సంచులు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలన్న నిబంధన 2022 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. అమలు ఎలా ఉన్నా, గుడ్డ సంచి అడిగే దుకాణాలు ఉన్నాయి. జిల్లాలోనే మహానంది, అహోబిలం, యాగంటి, శ్రీశైలం లాంటి జనం వచ్చిపోయే చోట్లున్నాయి. ఏప్రిల్ 14 దగ్గర పడితే నీలి కండువాలు, జెండాలు, బ్యాడ్జీలు కావాలి. మన జయంతికి మన కండువాలు బయటి నుంచి టోకున కొని తెచ్చుకునే బదులు పక్క వీధి మిషన్ మీద కుట్టించుకుంటే ఆ డబ్బు కాలనీలోనే తిరుగుతుంది.

ఒక మీటరు లెక్క

చాలా మిషన్లు మూలన పడేది కుట్టు రాక కాదు, లెక్క రాక. అందుకే ఒక సంచి లెక్క పూర్తిగా చేద్దాం.

36 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ ఒక మీటరు తీసుకుంటే పొడవు దాదాపు 39 అంగుళాలు. అందులో 15 అంగుళాల వెడల్పు, 35 అంగుళాల పొడవుతో రెండు ముక్కలు పక్కపక్కన కోయాలి. ముక్కను సగానికి మడిస్తే అడుగున కుట్టు అవసరం ఉండదు, బరువుకు అడుగు ఊడదు. రెండు పక్కలా అరంగుళం చొప్పున కుట్టు, పైన అంగుళంన్నర మడత పోతే 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు సంచి వస్తుంది. పన్నాలో ఇంకా 6 అంగుళాల పట్టీ మిగులుతుంది. దాన్ని నిలువుగా రెండుగా, అడ్డంగా రెండుగా కోస్తే మూడంగుళాల వెడల్పుతో నాలుగు పట్టీలు, అంటే రెండు సంచులకు చేతి పిడులు. పిడిని మడిచి కుట్టి, సంచికి అతికే చోట చిన్న చతురస్రం కుట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తులా రెండు కుట్లు వేస్తే ఐదు కిలోల బియ్యానికి కూడా ఊడిరాదు. పొడవులో మిగిలిన నాలుగంగుళాల ముక్క చిల్లర పర్సుకు సరిపోతుంది. మీటరు గుడ్డకు రెండు సంచులు, ఒక పర్సు, వృథా దాదాపు సున్నా.

ఇప్పుడు ధర. లెక్క కోసం మీటరు గుడ్డ 60 రూపాయలనుకుందాం. సంచికి గుడ్డ 30. దారం, సూదులు, కరెంటు, మిషన్ రిపేరు కలిపి 4. ఇక్కడి వరకు అందరూ లెక్క వేస్తారు. చాలామంది దీని మీద ఐదో పదో కలిపి లాభం వచ్చిందనుకుంటారు. తన రోజు విలువ ఆ లెక్కలో ఉండదు.

2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి పనికి ప్రభుత్వం కట్టిన ధర అది. కోత నుంచి దారాలు కత్తిరించే వరకు అన్నీ తానే చేసుకుంటూ ఒకరు రోజుకు 12 సంచులు కుడతారనుకుంటే ఒక్కో సంచిలో కూలి 26 రూపాయలు ఉండాలి. 30, 4, 26 కలిపితే 60. అంతకంటే తక్కువకు అమ్మితే ఆ తేడా ఆమె తన ఒంటి నుంచి ఇస్తున్నట్టే. దుకాణదారు 45కు ఇస్తావా అని అడిగినప్పుడు ఆమెకు మిగిలే కూలి 11 రూపాయలు, రోజుకు 132. ఈ లెక్క కాగితం మీద రాసి మిషన్ పైన గోడకు అంటించుకోవాలి.

ఒక మిషన్‌కు ఎంతమంది?

కలిసి కుడితే ఎక్కువ వస్తుందని అందరూ అంటారు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో కూడా చెప్పాలి. సంచి లాంటి వస్తువులో పనంతా మిషన్ మీదే. ఒకరు తొక్కుతుంటే మరొకరు కోయడం, తిప్పడం, ఇస్త్రీ చేయడం చూసుకుంటే మిషన్ ఆగదు. ఇద్దరి మధ్య 25 సంచులు పడితే ఇద్దరికీ కూలి గిట్టుతుంది. అదే మిషన్ చుట్టూ నలుగురు కూర్చుంటే ఇద్దరు ఖాళీగా ఉంటారు, ఆదాయం మాత్రం నాలుగు భాగాలవుతుంది. గొడవలు అక్కడే మొదలవుతాయి.

నలుగురు కలవాలంటే చేతి పని ఎక్కువున్న వస్తువు ఎంచుకోవాలి. బొంత అలాంటిది. ముక్కలు కలపడం మిషన్ మీద గంటల్లో అయిపోతుంది. పొరలు పరిచి సన్న కుట్టు వేయడానికే రోజులు పడుతుంది. అందులో మిషన్ రాని పెద్దవాళ్లకూ చోటుంటుంది. చిన్నప్పుడు అవ్వ దగ్గర చూసి నేర్చిన కుట్టు అక్కడ అక్కరకొస్తుంది. పూసలు గుచ్చడం, కుచ్చులు కట్టడం, బొత్తాలు వేయడం కూడా అంతే.

కలిసి కూర్చోవడంలో డబ్బు లెక్కకు అందని లాభాలూ ఉన్నాయి. ఒకామె బిడ్డకు జ్వరం వస్తే పని ఆగదు. షటిల్ మొరాయిస్తే, అడుగు దారం ముడి పడుతుంటే ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, బేరం దగ్గర ఒంటరిగా ఉన్నామె సరేనంటుంది. “మా అక్కావాళ్లను అడిగి చెప్తా” అనగలిగితే ఆ ఒక్క మాటకే ధర నిలబడుతుంది.

దీనికి కావాల్సింది ఒక నోటు పుస్తకం. గుడ్డ ఎంతకు కొన్నారు, ఎవరు ఎన్ని కోశారు, ఎవరు ఎన్ని కుట్టారు, ఎన్ని అమ్ముడుపోయాయి, ఎంత బాకీ ఉంది. రోజూ నాలుగు గీతలు. మిషన్ ఎవరిదైతే వాళ్లకు సంచికి రూపాయో రెండో అద్దె అని మొదటి రోజే ఒప్పుకోవాలి. స్నేహం కదా అని మాట్లాడకుండా వదిలేసిన డబ్బే స్నేహాన్ని చెడగొడుతుంది.

పథకాల తలుపులు

ఇంటి మిషన్ మీద కుట్టే దళిత మహిళకు పథకాలున్నాయి. కానీ తలుపు దగ్గర అడిగే ప్రశ్నలు చూడాలి.

2020 జూన్‌లో మొదలైన జగనన్న చేదోడు కింద రజకులు, నాయీ బ్రాహ్మణులు, టైలర్లకు ఏడాదికి 10,000 రూపాయలిచ్చారు. మొదటి విడతలో సుమారు 2.47 లక్షల మందికి అందింది. కానీ షాపు ఉండాలి. వసారాలో మిషన్ పెట్టుకున్నామెకు షాపు ఎక్కడిది?

2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ తెచ్చింది. 18 వృత్తుల్లో టైలరింగ్ ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 వరకు వోచర్, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మంచివే. కానీ పథకం తనను తాను కుటుంబ ఆధారిత సంప్రదాయ వృత్తుల పథకంగా చెప్పుకుంటుంది. తల్లి కలుపు తీసింది, అమ్మమ్మ కలుపు తీసింది, తాను మాత్రం మిషన్ నేర్చుకుంది అనే మహిళకు కుటుంబ వృత్తి ఏది? కుల వృత్తిలోంచి బయటపడాలని చూసే మనిషిని నీ కుటుంబ వృత్తేంటని అడగడం దెబ్బ మీద ఉప్పు చల్లడమే. తమిళనాడు ఈ నిబంధన తీసేయమని కోరింది. తీయకపోవడంతో ఈ రూపంలో పథకాన్ని అమలు చేయబోమని 2024 నవంబర్‌లో కేంద్రానికి రాసి, సొంత పథకం తెచ్చుకుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ ప్రశ్న గట్టిగా వినపడాల్సి ఉంది. అర్హత ఉన్నవాళ్లు దరఖాస్తు చేసుకోవాలి, నిబంధన మార్చమనీ అడగాలి.

షాపు, సంప్రదాయం అడగనివి కూడా ఉన్నాయి. 50,000 వరకు ముద్రా శిశు రుణానికి ఆస్తి తాకట్టు అక్కర్లేదు. జీఎస్టీ లేని చిన్న పనులు కూడా ఉద్యమ్ అసిస్ట్ ద్వారా నమోదు చేసుకోవచ్చు. అసంఘటిత కార్మికులకు 2021 నుంచి ఈ-శ్రమ్ ఉంది. డ్వాక్రా సంఘాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కర్నూలు నుంచి నంద్యాల వచ్చే దారిలోని ఓర్వకల్లులో 1990ల మధ్య నుంచి పెరిగిన పొదుపులక్ష్మి ఐక్య సంఘం, పేద మహిళలు తమ లెక్కలు తామే రాసుకుంటే ఏమవుతుందో దేశానికి చూపించింది.

అప్పు కంటే ముందు కావాల్సింది గిరాకీ. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించి, కుట్టే పని స్వయం సహాయక సంఘాల మహిళలకిచ్చింది. మాస్కుకు మూడున్నర రూపాయలు. రోజుకు 150 కుడితే 525. ఇంటి మిషన్లకు ప్రభుత్వమే గిరాకీ అయితే ఎంత పని జరుగుతుందో అప్పుడు కనపడింది. కరోనా తగ్గాక ఆ తలుపు మూసుకుంది. హాస్టళ్ల దిండు గలీబులు, అంగన్‌వాడీల సంచులు, రేషన్ సంచులు ఏటా కొనే ప్రభుత్వానికి అందులో కొంత భాగం ఎస్సీ మహిళల జట్ల నుంచి కొనమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. కులం పేరుతో వాళ్లకు పనివ్వొద్దు, వాళ్ల దగ్గర కొనొద్దు అని కట్టుబాటు పెడితే అది ఆర్థిక బహిష్కరణ. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సవరణ ప్రకారం శిక్షార్హమైన నేరం. వ్యాపారి గుడ్డ ఇచ్చి ఇంట్లో కుట్టించుకుంటే ఆమె ‘ఇంటి ఆధారిత కార్మికురాలు’ అని 2020 సామాజిక భద్రత కోడ్ నిర్వచించింది. ఇంట్లో కూర్చుని చేస్తుంది కాబట్టి కాలక్షేపం అనడానికి ఇక వీల్లేదు. ఇదే మాట చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందం 1996 నుంచి ఉన్నా భారత్ ఇంకా ఆమోదించలేదు.

సూదితో భూమి కొన్న ఆడవాళ్లు

అమెరికాలోని అలబామా రాష్ట్రం, విల్కాక్స్ కౌంటీ. అదీ పత్తి నేలే. బానిసల వారసులైన నల్లజాతి కుటుంబాలు తెల్లవాళ్ల పొలాల్లో కౌలుకు, కూలికి బతికేవి. 1960లలో ఓటు హక్కు నమోదుకు వెళ్లినందుకు చాలామందిని ఇళ్లలోంచి గెంటేశారు. 1966లో అక్కడి ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పాత గుడ్డ ముక్కలతో కుట్టే బొంతలే వాళ్ల సరుకు. ఎస్టెల్ విదర్‌స్పూన్ సంఘాన్ని నడిపింది. బొంతలు న్యూయార్క్‌లో వేలానికి వెళ్లాయి. 1972లో సియర్స్ అనే పెద్ద దుకాణ సంస్థ నుంచి దిండు గలీబుల ఆర్డర్ వచ్చింది. ఆ డబ్బు కంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. సంఘం 23 ఎకరాల భూమి కొని, కుట్టు కేంద్రం కట్టుకుని, ఇళ్లు పోయిన కొన్ని కుటుంబాలకు స్థలాలు అమ్మింది.

పక్కనే ఉన్న జీస్ బెండ్ ఊరి బొంతలు 2002 నుంచి పెద్ద మ్యూజియంలలో కళాఖండాలుగా వేలాడాయి. 2006లో అమెరికా తపాలా బిళ్లల మీదికి ఎక్కాయి. అయినా తమకు రావాల్సిన సొమ్ము రాలేదని కుట్టినవాళ్లలో కొందరు 2007లో కోర్టుకెళ్లాల్సి వచ్చింది. తర్వాత రాజీ కుదిరింది. పేరు ఎంత పెద్దదైనా లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న పోదు.

ఎవరు కుట్టారో రాయాలి

చిన్న వస్తువు ఎవరికైనా అమ్ముడుపోతుందన్నాం. అందులో ఒక చేదు కూడా ఉంది. ఎవరు కుట్టారో తెలియదు కాబట్టే కొందరు కొంటారు. మొదట్లో ఆ మరుగు అక్కరకు రావచ్చు. ఎప్పటికీ దాని చాటునే ఉంటే చెప్పులు కుట్టిన చేతులకు జరిగిందే సంచులు కుట్టిన చేతులకూ జరుగుతుంది. వస్తువు ఊళ్లోకి వెళ్తుంది, మనిషి ఊరి బయటే ఉంటుంది.

ముంబైలో సుధీర్ రాజ్‌భర్ అనే కళాకారుడు దళిత, ముస్లిం చేతివృత్తుల వాళ్లతో కలిసి రీసైకిల్ చేసిన రబ్బరుతో సంచులు చేయించి, వాటికి చమార్ అనే పేరే పెట్టాడు. తిట్టుగా వాడిన పేరును సరుకు మీద అచ్చేసి అమ్మాడు. అందరూ అలాగే చేయాలని లేదు. ఎవరికి ఏ పేరు పెట్టుకోవాలనిపిస్తే అది వాళ్ల నిర్ణయం. కానీ సంచి లోపలి అంచున రెండంగుళాల పట్టీ మీద ఊరి పేరు, జట్టు పేరు కుట్టడానికి పట్టే దారం మూరెడు. గుడ్డ సంచి ఇంటికి చేరి, కూరగాయలు దించి, తిరగేసి ఉతికేటప్పుడు ఆ పేరు కనపడుతుంది. ఆళ్లగడ్డలో ఫలానా జట్టు ఆడవాళ్లు కుట్టారని తెలుస్తుంది. మళ్లీ సంచి కావాల్సినప్పుడు అడగడానికి ఒక పేరుంటుంది.